ఊరి వివరం ఊరే రాసుకోవాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఉత్తరం కొంచెం పెద్దదైంది. చోటు చాలకపోతే ఎక్కడైనా కత్తిరించండి, నీళ్ల గురించి రాసిన భాగం మాత్రం ఉంచండి.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక చిన్న ఊరు. ఉద్దానం అంటే మీ పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. కొబ్బరి, జీడి, పనస, అవి చాలని ఇంట్లో వలస. నేనూ వలస పోయినవాణ్నే. పైప్ ఫిట్టర్ పని నేర్చుకుని మొదట చెన్నై వెళ్లాను, తర్వాత గల్ఫ్, ఆఖరికి ఇండోనేషియాలోని బతాం దీవిలో ఒక షిప్‌యార్డు. 2018 చివర్లో ఇంటికి వచ్చేశాను. అప్పట్నుంచి తోట పనే.

మొన్న మా ఊళ్లో ఒక కరపత్రం పంచారు. మంచి రంగుల కాగితం. ఒకవైపు సముద్రం, దాని ఒడ్డున వంగిన కొబ్బరిచెట్లు. రెండోవైపు మా ఊరి పేరు, దాని కింద ‘ప్రశాంతమైన తీరం, అందుబాటు ధరలో ఖాళీ భూములు, పెట్టుబడికి మంచి అవకాశం’ అని రాసి ఉంది. బొమ్మలోని సముద్రం మాది కాదు. ఖాళీ భూములని వాళ్లు చెప్పినవి మాత్రం మావే. కానీ అవి ఖాళీవి కావు. తిత్లీ తుపానుకు వేళ్లతో సహా లేచిపోయిన జీడితోటల్లో మేము మళ్లీ మొక్కలు వేసుకున్న భూములు. కరపత్రంలో మా ఊళ్లో ఎంతమంది ఉంటారో లేదు, ఏం పండుతుందో లేదు, బడి ఉందో లేదో లేదు. మనిషి అన్నవాడే లేడు. దాన్ని పట్టుకుని మా అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను. కోపం కంటే ఎక్కువగా సిగ్గు వేసింది. మా ఊరి గురించి బయటివాళ్లకు మేము ఏ రోజూ ఒక్క ముక్క రాయలేదు, అందుకే ఇంకొకరు రాశారు అనిపించింది.

ఒక ఊరు తన గురించి తాను ఎలా చెప్పుకుంటుందో నేను ఒకసారి కళ్లారా చూశాను. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

బతాంలో నాతో పనిచేసే ఒక కుర్రాడిది జావా దీవిలోని గునుంగ్‌కిదుల్ జిల్లా. నన్ను ‘పాక్’ అనేవాడు, పెద్దాయనా అన్నట్టు. నేను అతణ్ని ‘మాస్’ అనేవాణ్ని. వాళ్ల భాషలో అన్న అని అర్థం, వయసులో చిన్నవాణ్ని కూడా గౌరవంగా అలాగే పిలుస్తారు. 2018 జూన్‌లో రంజాన్ పండక్కి ఇంటికి వెళుతూ నన్నూ రమ్మన్నాడు. వాళ్లకు ఆ పండగ మన సంక్రాంతి లాంటిది. జకార్తాలో, బతాంలో, మలేషియాలో ఎక్కడెక్కడో పనిచేసేవాళ్లంతా మూటలు కట్టుకుని సొంతూరు చేరతారు. సంక్రాంతికి చెన్నై నుంచి, హైదరాబాద్ నుంచి పలాస స్టేషన్లో దిగే జనం ఎలా ఉంటారో మీకు తెలుసు కదా, అదే జనం, అవే సంచులు.

గునుంగ్‌కిదుల్ అంటే దక్షిణపు కొండలని అర్థం. ఎక్కువ భాగం సున్నపురాయి నేల. వానొస్తే నీళ్లు నేల మీద నిలవవు, రాళ్ల పగుళ్లలోంచి పాతాళానికి పోతాయి. ఎండాకాలంలో చాలా ఊళ్లకు ట్యాంకర్లే గతి. ఒకప్పుడు బియ్యం దొరక్క కర్రపెండలం ఎండబెట్టి, పిండికొట్టి, ఆవిరి మీద ఉడికించి తిని బతికారట. దాన్ని తివుల్ అంటారు. మనకు చోడి అంబలి ఎలాగో వాళ్లకు అది అలాగ. మాస్ వాళ్ల అమ్మగారు పండగ రోజు కొబ్బరాకుతో అల్లిన చిన్న చిన్న బుట్టల్లో బియ్యం పోసి ఉడికించిన కేతుపాత్ పెట్టారు. మర్నాడు మాత్రం నా కోసమని తివుల్ చేశారు. ‘ఇది బీదవాళ్ల తిండి నాయనా, కానీ మేము దీంతోనే పెరిగాం, నువ్వు తిని చూడాలి’ అన్నారని మాస్ చెప్పాడు. ఆవిడ నన్ను ‘నాక్’ అని పిలిచారు, బిడ్డా అని. మా అమ్మ ‘బావూ’ అన్నట్టే ఉంది.

వాళ్ల ఊరికి దగ్గర్లోనే నగ్లంగెరాన్ అనే ఊరు ఉంది. యోగ్యకర్త నగరం నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. మూడో రోజు బండి మీద అక్కడికి తీసుకెళ్లాడు. ఊరి వెనక నల్లటి రాతి కొండ, నిలువుగా. కోట్ల ఏళ్ల కిందట చల్లారిపోయిన అగ్నిపర్వతం అది. ఒకప్పుడు దాని మీద చెట్టన్నది లేదట, రాళ్లు కొట్టుకోవడం, కట్టెలు కొట్టుకోవడం తప్ప ఆ కొండతో ఎవరికీ పనిలేదట. 1999 ప్రాంతంలో ఊరి కుర్రాళ్లు మొక్కలు నాటడం మొదలుపెట్టారు. ప్రతి ఊళ్లోనూ కారాంగ్ తారునా అనే యువజన సంఘం ఒకటి ఉంటుంది. మన దగ్గర వినాయక చవితికి పందిరి వేసే కుర్రాళ్ల లాంటివాళ్లే, కాకపోతే ఏడాది పొడుగునా పనిచేస్తారు. వాళ్లే కొండకు దారి వేశారు, వాళ్లే టిక్కెట్టు పెట్టారు, వచ్చినవాళ్లను ఇళ్లల్లో ఉంచుకోవడం నేర్చుకున్నారు. కొండపైన కాంపుంగ్ పితు అని ఒక చిన్న పల్లె ఉంది. పితు అంటే ఏడు. ఆచారం ప్రకారం అక్కడ ఏడు కుటుంబాలే ఉండాలి, ఎనిమిదోది ఉండకూడదు. ఇప్పటికీ అదే పాటిస్తున్నారు.

కొండ మీద పక్కగా ఒక చెరువు తవ్వారు, 2013లో. కింద దురియన్, లాంగన్ పళ్లతోటలకు నీళ్ల కోసం. దురియన్ మా పనసకు చుట్టం లాగే కనిపిస్తుంది, ముళ్లు ఇంకా పదును, వాసన ఇంకా గట్టి. తోట కోసం తవ్విన చెరువు సాయంత్రం పూట చూడటానికి అందంగా ఉందని జనం రావడం మొదలుపెట్టారు. ముందు రైతు కోసం కట్టారు, తర్వాత చూడవచ్చినవాడి కోసం అయింది. ఈ వరస నాకు చాలా నచ్చింది. మన దగ్గర ముందు రిసార్టు బొమ్మ గీస్తారు, రైతు తర్వాత.

ఇంకొకటి కోకో. ఏళ్ల తరబడి వాళ్లు కోకో గింజ ఎండబెట్టి వ్యాపారికి బస్తాల లెక్కన అమ్మేవాళ్లు, అచ్చం మేము జీడిపిక్కలు అమ్మినట్టే. మాకు 80 కిలోల బస్తా లెక్క. ధర ఎంతో పలాసలో ఎవరో చెబుతారు, మేము ఊఁ కొడతాం. నగ్లంగెరాన్ వాళ్లు 2016లో ఊళ్లోనే చాక్లెట్ చేసే ఇల్లు ఒకటి పెట్టుకున్నారు. గింజ వేయించడం, పొట్టు తీయడం, నూరడం అన్నీ వచ్చినవాళ్లకు చూపిస్తారు. మేకపాలతో కలిపిన చాక్లెట్ పొడి కూడా అమ్ముతారు. ఆ మేకల పేరు విని ఆశ్చర్యపోయాను, ‘ఎతావా’ మేకలట. ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా! డచ్చివాళ్ల కాలంలో మన దేశం నుంచి జావాకు తెచ్చిన జాతి అది. పొడుగాటి చెవులు వేలాడేసుకుని అక్కడి కొట్టాల్లో నెమరేస్తున్నాయి.

నాకు అన్నిటికంటే గట్టిగా పట్టుకున్న విషయం ఇంకోటి ఉంది. 2014లో ఆ చిన్న ఊరికి 3 లక్షల మందికి పైగా వచ్చారు. అంత జనాన్ని చూసి ఎవరైనా సంతోషించాలి. వాళ్లు సంతోషించలేదు. కొండ మీద చెత్త పెరిగింది, దారులు అరిగిపోయాయి, ఊరివాళ్లకు ఊపిరాడలేదు. కూర్చుని మాట్లాడుకుని టిక్కెట్టు ధర పెంచారు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ల కంటే రెండు రోజులు ఉండి, ఊరి అన్నం తిని, పొలం చూసి వెళ్లేవాళ్లు కావాలనుకున్నారు. వచ్చేవాళ్ల సంఖ్య బాగా తగ్గింది, ఆదాయం పెరిగింది. ఇదంతా సంఘంలోని కుర్రాడు వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతుంటే మాస్ నాకు హిందీ, ఇంగ్లిషు కలిపి వినిపించాడు. తర్వాత 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ మొదటిసారి ‘ఉత్తమ పర్యాటక గ్రామాలు’ ప్రకటించినప్పుడు ఆ జాబితాలో నగ్లంగెరాన్ పేరు చూసి మా ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. అదే జాబితాలో మన తెలంగాణ పోచంపల్లి కూడా ఉంది. చీర నేసే ఊరూ, చాక్లెట్ చేసే ఊరూ ఒకే వరసలో కూర్చున్నాయి.

ఇక అసలు సంగతి. తిరిగి వస్తూ మాస్ వాళ్ల ఊరి పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగాం. ఊరిని వాళ్లు ‘దేస’ అంటారు, మన దేశమే. ఆఫీసు గోడకు బయటే, దారిన పోయేవాడికి కనిపించేలా, మనిషంత ఎత్తు బ్యానర్ కట్టి ఉంది. ఆ ఏడు ఊరికి ఎక్కడెక్కడి నుంచి ఎంత డబ్బు వచ్చింది, దేనికి ఎంత ఖర్చు పెడుతున్నారు, అన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. 2014లో వాళ్లు గ్రామాల చట్టం తెచ్చుకున్నారు. 2015 నుంచి కేంద్రం డబ్బు గ్రామాల లెక్కల్లోకి వస్తోంది. 70 వేలకు పైగా గ్రామాలకు! అలా లెక్క బయటపెట్టాలన్నది నియమం.

లోపల ఒక లావుపాటి ఫైలు ఉంది. ‘ప్రొఫిల్ దేస’, ఊరి వివరం. 2007 నుంచి ప్రభుత్వమే ఒక పద్ధతి పెట్టింది, ప్రతి ఊరూ దాని ప్రకారం రాసుకోవాలి. నేను తిరగేసి చూశాను. ఊరి నాలుగు సరిహద్దులు. తడి నేల ఎంత, మెట్ట ఎంత, అడవి ఎంత. మేకలెన్ని, కోళ్లెన్ని. ఏ పండు ఎంత పండుతుంది. ఊటలెన్ని, బావులెన్ని, వాటిలో తాగడానికి పనికొచ్చేవి ఎన్ని. చదువుకున్నవాళ్లు ఎందరు, మధ్యలో మానేసినవాళ్లు ఎందరు. మండల కేంద్రం ఎంత దూరం, మోటారు బండి మీద ఎంతసేపు పడుతుంది, ఆ పక్కనే, నడిచి వెళితే ఎంతసేపు పడుతుంది! ఆ నడక గడి చూసి నాకు మా నాన్న గుర్తొచ్చాడు. కొబ్బరికాయల కావిడి వేసుకుని సోంపేట వరకు నడిచేవాడు. ఏ కాగితంలోనూ ఆ నడకకు గడి లేదు.

ఆ ఫైలు తీసుకునే వాళ్లు ఇంటర్నెట్లో ఊరి పేజీ చేసుకుంటారు, చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం చిన్న పుస్తకం వేసుకుంటారు. పెట్టుబడి పెడతామని వచ్చేవాళ్ల ముందు పెట్టేదీ అదే. వచ్చినవాడు ఏం అడగాలన్నా ముందు అది చదవాలి. పైగా పరాయి దేశస్థుడికి అక్కడ భూమి మీద పూర్తి హక్కు ఎప్పటికీ రాదు. 1960 నాటి భూమి చట్టం ప్రకారం అది ఆ దేశ పౌరులకే. బయటివాళ్లకు కొన్నేళ్ల గడువుతో వాడుకునే హక్కు మాత్రమే. మన ఏజెన్సీలో గిరిజనుల భూమికి 1/70 చట్టం కాపలా ఉన్నట్టు అన్నమాట. మా తీరప్రాంతానికి అలాంటి కాపలా ఏదీ లేదు.

మధ్య జావాలో పొంగోక్ అనే ఇంకో ఊరి గురించి కూడా అక్కడే విన్నాను. ఊట నీళ్ల కొలను ఒకటే వాళ్ల ఆస్తి. 2009లో ‘తీర్త మందిరి’ అని ఊరి కంపెనీ పెట్టుకున్నారు. తీర్త అంటే మన తీర్థమే. నీటి అడుగున చేపల మధ్య ఫొటోలు తీయించుకోవడానికి జనం వస్తారు. ఊరివాళ్లే అందులో వాటాలు కొనుక్కున్నారు. పెట్టుబడిదారు అంటే సూటు వేసుకుని కారు దిగేవాడే కానక్కర్లేదు, పక్కింటివాడు కూడా కావచ్చు. బాలిలో వరి రైతుల నీటి సంఘాలు, సుబాక్ అంటారు, వెయ్యేళ్లకు పైగా గుడి కేంద్రంగా నీళ్లు పంచుకుంటున్నాయి. 2012లో యునెస్కో గుర్తించింది. దాని గురించి రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది.

అక్కడంతా బాగుందని నేను చెప్పడం లేదు. గ్రామాలకొచ్చిన డబ్బు తినేసి జైలుకెళ్లిన గ్రామపెద్దలు అక్కడా ఉన్నారు. యోగ్యకర్త చుట్టుపక్కలే ఊరి ఉమ్మడి భూమిలో ఇళ్లు కట్టి అమ్మేసిన వ్యవహారాలు కోర్టులకెక్కాయి. బాలిలో వరిమళ్లు విల్లాలైపోతున్నాయి. కాగితం రాసుకుంటే ఊరు బాగుపడిపోదు. కానీ కాగితం ఉన్న ఊళ్లో దొంగతనం జరిగితే ఏం పోయిందో చెప్పగలరు. లేని ఊళ్లో పోయిందని కూడా నిరూపించలేం.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. సోంపేట బీల మీకు గుర్తుండే ఉంటుంది. మా పక్క మండలమే. థర్మల్ ప్లాంటు కోసమని ఆ భూముల్ని కాగితాల మీద పనికిరాని నేలగా చూపించారు. బీల అంటే ఏమిటో ఆ చుట్టుపక్కల ఊళ్లలో చంటిపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. వానాకాలంలో నిండే చిత్తడి, దాని అంచున వరి, లోపల చేపలు, నీళ్లు తగ్గాక పశువుల మేత, చలికాలంలో పక్షులు. దాని మీద రైతులూ మత్స్యకారులూ బతుకుతారు. 2010 జులై 14న జరిగిన కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది, అది చిత్తడి నేల అని తేల్చి. ప్రాణాలు పోయిన రోజునే కాగితం మీద నిజం ఎక్కింది. ఆ నిజాన్ని పదేళ్ల ముందే ఆ ఊళ్లు తమ చేతులతో రాసి, గ్రామసభలో చదివి, సంతకాలు పెట్టి పెట్టుకుని ఉంటే పనికిరాని నేల అని రాయడానికి అంత తేలిగ్గా చెయ్యి వచ్చేదా? నాకు తెలిసి వచ్చేది కాదు.

నేను 2018 అక్టోబరులో ఇంటికి వచ్చాను. పండగకు కాదు. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటింది. గాలి గంటకు 140 కిలోమీటర్లకు పైగా. మా నాన్న నాటిన కొబ్బరిచెట్లలో నిలబడినవి లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు చాలాయి. మాస్ ఫోన్ చేసి వాళ్లమ్మకిచ్చాడు. ఆవిడ నాకు అర్థం కాని భాషలో చాలాసేపు మాట్లాడారు. 2006 మే నెలలో యోగ్యకర్త భూకంపంలో 5 వేల మందికి పైగా పోయినప్పుడు వాళ్ల ఇంటి వెనక గోడ కూడా పడిపోయిందట. ఆ సంగతి చెప్పారని తర్వాత మాస్ అన్నాడు. ఊరంతా కలిసి ఒక్కొక్క ఇల్లూ నిలబెట్టుకున్నారట. దానికి వాళ్ల మాట గోతోంగ్ రోయోంగ్. మా ఊళ్లో కూడా తుపాను తర్వాత మూడు వారాలు అందరం కలిసి పడిన చెట్లు కోసి దారులు తీశాం. మా దగ్గర దానికి ప్రత్యేకంగా పేరు లేదు.

కరపత్రం వచ్చిన వారం నుంచి నేను ఒక 200 పేజీల నోటుపుస్తకం కొనుక్కుని మా ఊరి వివరం రాస్తున్నాను. డిగ్రీ చదివే మా మేనకోడలు సాయం చేస్తోంది. ఆ జావా ఊరి ఫైలులో చూసిన గడులు గుర్తున్నంతవరకు గీశాం. జనాభా లెక్కల గ్రామ డైరెక్టరీలో దొరికినవి తీసుకున్నాం, కానీ అవి 2011 నాటివి. మిగతాది ఇల్లిల్లూ తిరిగి అడగాల్సిందే. అడుగుతుంటే తెలియని విషయాలు ఎన్ని బయటపడుతున్నాయో! మా ఊళ్లో పనసచెట్లకు పేర్లున్నాయి. తేనెపనస, గుమ్మం పనస, ఒకటైతే తాతమ్మ పనస, ఎవరి తాతమ్మో ఎవరికీ తెలియదు. పాత ఓడరేవు వైపు పోయే దారికి ‘బేపారుల బాట’ అని పేరట. కార్తీక పౌర్ణమికి మా ఒడియా ఇళ్లవాళ్లు అరటి దొప్పల పడవలు వదులుతారు కదా, ఒకప్పుడు బాలి, జావా వైపు ఓడలెక్కి వెళ్లినవాళ్ల గుర్తుగా. అది చూసినప్పుడల్లా మాస్ వాళ్లమ్మ గుర్తొస్తారు.

వచ్చేవాళ్లకు ఏం చూపిస్తాం అన్న పేజీ కూడా ఉంది. జీడిపిక్క కాల్చి కొట్టడం, మేలో పనస కోత, కొబ్బరి పీచు తాడు నేయడం. కాస్త దూరమైనా ఒక రోజు టెక్కలి దగ్గర తేలినీలాపురం తీసుకెళ్లవచ్చు. పెలికాన్లు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు పెడితే ఊరికి మంచిదని, ఆ చెట్టు కొమ్మ విరవకుండా కాపాడుకుంటున్న ఊరు అది. ఎవరింట్లో ఉండొచ్చు, ఎవరింట్లో భోజనం దొరుకుతుంది, ఇవి రాశాం. మా సముద్రంలో ఈతకు దిగకండి, లోపలికి లాగే అల ఉంటుంది అని పెద్ద అక్షరాల్లో రాశాం.

నీళ్ల పేజీ దగ్గర ఆగిపోయాం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి రాయాలా వద్దా అని. మా కుర్రాళ్లు కొందరు వద్దన్నారు. ‘అది రాస్తే ఎవడొస్తాడు బాబాయ్, పెళ్లి సంబంధాలే రావడం లేదు’ అన్నారు. వాళ్లు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మా వీధిలోనే ముగ్గురు ఆ జబ్బుతో పోయారు. అందులో ఒకడు నాతో చదువుకున్నవాడు. ఎందుకొస్తోందో ఇన్నేళ్ల పరిశోధనలోనూ ఖాయంగా తేలలేదు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు నాకు. మూడో రోజు డయాలసిస్‌కు వెళ్లొచ్చిన మా పెద్దమ్మ దగ్గర కూర్చుని చెప్పాను. ఆవిడ పడుకునే అంది, ‘రాయి బావూ. దాస్తే పోతాదేటి? ఒచ్చినోళ్లు నీళ్లు తాగరా? మనం సెప్పకపోతే పాపం కాదా?’

రాశాం. జబ్బు ఉందని రాశాం. హిరమండలం రిజర్వాయర్ నుంచి 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం 2023 డిసెంబరులో మొదలైందని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చిందని రాశాం. మా ఊళ్లో ఏ కుళాయికి ఆ నీళ్లు వస్తున్నాయి, ఏ వీధిలో ఏ రోజు రావు అన్నది కూడా రాశాం. అతిథికి ఏ నీళ్లు ఇస్తామో రాశాం. ఎవరైనా పెట్టుబడి పెట్టాలనుకుంటే మాకు ముందు కావాల్సింది ప్లాట్లు కాదు, జీడిపిక్క ఊళ్లోనే కొట్టి, పప్పు తీసి, మా పేరు మీద అమ్ముకునే చిన్న యూనిట్ అని రాశాం. జీడిమామిడి పళ్లు ప్రతి వేసవిలో చెట్ల కింద కుళ్లిపోతున్నాయి, వాటితో ఏదైనా చేయడం తెలిసినవాళ్లు వస్తే అన్నం పెట్టి ఉంచుకుంటాం అని మా మేనకోడలు తన సొంత మాటల్లో రాసింది. మేము ఇవ్వనివి ఏమిటో కూడా ఒక పేజీ ఉంది. చెరువు గట్టు, శ్మశానం, పశువుల మేత బయలు, బీల వైపు నేల. వీటిని ఎవరూ అడగవద్దు.

సంపాదకులకు నా విన్నపం ఇది. మీ జిల్లా పేజీలో వారానికి ఒక ఊరికి పావు పేజీ ఇవ్వండి. విలేకరి రాసింది కాదు, ఊరివాళ్లు రాసుకున్నది. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ అడిగితే రాసేవాళ్లు ఉన్నారు. పొందూరు సన్న ఖద్దరు గురించి వడికే ఆడవాళ్లే చెప్పాలి. బుడితి ఇత్తడి గురించి, బొబ్బిలి వీణ గురించి ఆ కొలిమి దగ్గర, ఆ ఉలి దగ్గర కూర్చున్నవాళ్లే చెప్పాలి. ఏ పేరూ లేని మా లాంటి ఊళ్లు ఇంకా ఎక్కువ. మీరు వేసే ముందు ఒక్కటి అడగండి, అది గ్రామసభలో చదివారా అని. మన పంచాయతీలు కూడా ఏటా అభివృద్ధి ప్రణాళిక రాసి ఇంటర్నెట్లో ఎక్కించాలి. మా ఊరిది ఎక్కిందట, కానీ ఊళ్లో చూసినవాళ్లు నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. దాన్ని అచ్చేసి సచివాలయం బయట గోడకు కట్టమని మా సర్పంచ్ గారిని అడిగాను. ఒప్పుకున్నారు. బ్యానర్ ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను.

మా ఊరి వివరంలో మొదటి ఆరు పేజీల నకలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నూతుల పేజీ ఇంకా పూర్తి కాలేదు. ఊరికి పడమటి వైపు పూడిపోయిన రెండు నూతుల పేర్లు తెలిసిన అన్నదమ్ములు చెన్నైలో ఉన్నారు. ఫోన్లో అడిగితే ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి చెబుతున్నారు. సంక్రాంతికి వస్తామన్నారు, అప్పుడు ఇద్దరినీ అక్కడికే తీసుకెళ్లి అడుగుతాను.

ఇట్లు,
ఒక ఉద్దానం రైతు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా.